కేవీఎం గెస్టులకు హ్యూజ్ పేజీలు: 71 రోజుల ప్రాజెక్టు డైరీ

మా చిన్న కార్యాలయంలోని పాత రెండు సాకెట్ల సర్వరుపై నడిచే నాలుగు వర్చువల్ మెషీన్లకు హ్యూజ్ పేజీలు అమర్చేటప్పుడు ఏమేం చెడిపోయాయో, వాటిని ఎలా సరిచేశానో వరుసగా రాసిపెడుతున్నాను. వర్చువల్ మెషీన్లను ఇక్కడ గెస్టులు అంటాను; వాటిని నడిపే అసలు యంత్రం హోస్ట్, ఆ పనికి తోడ్పడే లినక్స్ కర్నెల్ భాగం కేవీఎం. మెమరీని కర్నెల్ మామూలుగా 4 కేబీ పేజీలుగా పంచుతుంది; 2 ఎంబీ, 1 జీబీ పేజీలే హ్యూజ్ పేజీలు. ఇదే పని తలపెట్టినవారికి నేను పోగొట్టుకున్న ఆదివారాలు మిగిలితే చాలు. ఫైళ్ల పేర్లను, ఆదేశాలను పలికే తీరులోనే రాశాను కనుక, టైపు చేసే ముందు కర్నెల్ డాక్యుమెంటేషన్‌లో అక్షరక్రమం సరిచూసుకోవాలి.

యంత్రం:
- రెండు ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు (బ్రాడ్‌వెల్ తరం, ఒక్కోదానిలో 14 కోర్లు)
- 64 జీబీ ఈసీసీ (చిన్న దోషాలను తానే సరిదిద్దుకునే) మెమరీ, ఒక్కో నూమా నోడ్‌కు (ఒక ప్రాసెసర్, దాని సొంత మెమరీ కలిపి ఒక నోడ్) 32 జీబీ
- హోస్ట్‌లో డెబియన్ 12, కర్నెల్ 6.1, క్యూఈఎంయూ 7.2 (గెస్టులను నడిపే ప్రోగ్రాము)
- గెస్టులు: డేటాబేస్‌కు 16 జీబీ, సాఫ్ట్‌వేర్ బిల్డులకు 12 జీబీ, చిన్న గెస్టులు రెండింటికి 4 జీబీ చొప్పున

## మెట్టు 0: కాగితంపై లెక్క

ప్రోగ్రాము వాడే చిరునామా అసలు మెమరీలో ఎక్కడుందో పేజీ టేబుళ్లు చెబుతాయి; ఇటీవల వెతికినవాటిని ప్రాసెసర్ టీఎల్‌బీలో గుర్తుంచుకుంటుంది. ఈ ప్రాసెసర్‌లోని రెండో స్థాయి టీఎల్‌బీలో 4 కేబీ, 2 ఎంబీ పేజీలు రెండూ పంచుకునే గదులు 1,536 ఉంటాయి. అన్నీ 4 కేబీ పేజీలతో నిండితే అది గుర్తుంచుకోగలిగే మెమరీ 6 ఎంబీ మాత్రమే. అవే గదులు 2 ఎంబీ పేజీలతో నిండితే 3 జీబీ. టీఎల్‌బీలో చిరునామా దొరకనప్పుడు మామూలు యంత్రంలో పేజీ టేబుళ్లను నాలుగుసార్లు చదవాల్సి ఉంటుంది. గెస్ట్ లోపల మాత్రం గెస్ట్ టేబుల్‌లోని ప్రతి మెట్టుకూ హోస్ట్ టేబుళ్లను మళ్లీ మొదటినుంచి నడవాలి కాబట్టి, ఆ సంఖ్య గరిష్ఠంగా 24 వరకు పోతుంది. హోస్ట్ వైపు మాత్రమే 2 ఎంబీ పేజీలుంటే అది 19కి, రెండు వైపులా ఉంటే 15కి తగ్గుతుంది. గెస్టులకు పెద్ద పేజీలు ఎందుకు అంటే నా దగ్గరున్న జవాబు ఈ నాలుగు అంకెలే.

2 ఎంబీ పేజీలలో అవసరం:
1. డేటాబేస్ గెస్ట్: 8,192 పేజీలు, నోడ్ 0 పైన.
2. బిల్డ్ గెస్ట్: 6,144 పేజీలు, నోడ్ 1 పైన.
3. చిన్న గెస్టులు రెండూ మామూలు మెమరీ మీదే.

మొత్తం: 14,336 పేజీలు, అంటే 28 జీబీ. హోస్ట్‌కు, చిన్న గెస్టులకు కలిపి మిగిలేది 36 జీబీ.

ఈ కాగితాన్ని ఉన్నదున్నట్టు పాటించి ఉంటే తర్వాతి మెట్టు ఉండేది కాదు.

## మెట్టు 1 (రోజు 2): గాదె నిండా గింజలు, ఇంట్లో పస్తులు

ముందుముందు ఇంకో రెండు గెస్టులు రావచ్చని, ఒకేసారి 28,672 పేజీలు, అంటే 56 జీబీ, కేటాయించేశాను. ఆ రాత్రి బ్యాకప్ మొదలైన కాసేపటికి హోస్ట్‌లోని ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రక్రియను చంపే కర్నెల్ భాగం) ఒక చిన్న గెస్ట్‌ను చంపేసింది. ఆ క్షణంలో హ్యూజ్ పేజీల నిల్వలో 14,336 పేజీలు, అంటే 28 జీబీ, ఎవరికీ అక్కరలేకుండా పడి ఉన్నాయి.

హ్యూజ్‌టీఎల్‌బీ నిల్వలోకి (ముందే కేటాయించి పక్కన పెట్టిన హ్యూజ్ పేజీల గాదెలోకి) ఒకసారి వెళ్లిన మెమరీ, మనం నిల్వ తగ్గిస్తే తప్ప, మామూలు అవసరాలకు తిరిగి రాదు. కర్నెల్ దాన్ని స్వాప్ చేయదు (డిస్కుకు పంపదు), మెమరీ కరువొచ్చినా వెనక్కి తీసుకోదు. ఓఓఎం కిల్లర్ ఎవరిని చంపాలో చూస్తుందే తప్ప ఆ గాదె తలుపు తీయదు. ఫ్రీ ఆదేశంలో అది వాడుకలో ఉన్న మెమరీగా కనబడటం వల్ల, చూసేవారికి ఏదో ప్రోగ్రాము మింగేస్తోందన్న అపోహ కలుగుతుంది. మెమ్‌ఇన్ఫో ఫైలులోని హ్యూజ్‌పేజెస్ టోటల్, ఫ్రీ, రిజర్వ్‌డ్ అనే మూడు వరుసలు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ కంగారులో రెండో తప్పు కూడా చేశాను. మెమరీ ఆదా అవుతుందని కేఎస్‌ఎం (ఒకేలా ఉన్న పేజీలను కలిపి ఒకటిగా ఉంచే కర్నెల్ సౌకర్యం) ఆన్ చేశాను. దాని ఫలితం మెట్టు 5లో వస్తుంది.

మార్పు: నిల్వను 14,336 పేజీలకు తగ్గించి, ఆ సంఖ్యను సిస్‌సీటీఎల్ (కర్నెల్ సెట్టింగుల) ఫైలులో రాసి, యంత్రాన్ని రీబూట్ చేశాను.

లెక్క (రోజు 3): నిల్వ 28 జీబీ, హోస్ట్ వాటా 36 జీబీ, చనిపోయిన గెస్టులు 1.

## మెట్టు 2 (రోజు 12): తొమ్మిది రోజులు ఆగి వచ్చిన మరణం

ఉదయం ఏడు గంటలకు మా డేటాబేస్ చూసుకునే తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, డేటాబేస్ ఆగిపోయింది, గెస్ట్ కన్సోల్ కూడా కదలడం లేదు" అన్నాడు. క్యూఈఎంయూ లాగ్‌లో ఒకే ఒక్క వాక్యం ఉంది: కేవీఎం రన్ ఫెయిల్డ్, బ్యాడ్ అడ్రస్. గెస్ట్ లోపలి లాగులలో ఏమీ లేదు. తొమ్మిది రోజులు ఏ ఫిర్యాదూ లేకుండా నడిచిన గెస్ట్, ఎవరూ ఏ సెట్టింగూ మార్చకుండానే ఆగిపోయింది.

మధ్యాహ్నం వరకు డిస్కును, ఆ తర్వాత మెమరీ ముక్కలను అనుమానించాను. అసలు కారణం ఒక్కో నోడ్ కింద ఉండే హ్యూజ్ పేజీల ఫైళ్లు తెరిచి చూసినప్పుడు బయటపడింది.

- నోడ్ 0: మొత్తం 7,168, ఖాళీ 0
- నోడ్ 1: మొత్తం 7,168, ఖాళీ 1,024

సిస్‌సీటీఎల్ ద్వారా ఒకే సంఖ్య ఇస్తే కర్నెల్ దాన్ని నోడ్‌లన్నింటికీ సమానంగా పంచుతుంది. డేటాబేస్ గెస్ట్‌కు నోడ్ 0 మీద 8,192 కావాలి, అక్కడ ఉన్నవి 7,168. అలాంటప్పుడు గెస్ట్ మొదలయ్యేటప్పుడే ఎందుకు ఆగలేదన్నది అసలు ప్రశ్న. క్యూఈఎంయూ మెమరీ అడిగినప్పుడు కర్నెల్ యంత్రం మొత్తం మీద ఖాళీలున్నాయా అని చూసి, ఉన్నాయి కనుక 8,192 పేజీలు రిజర్వు చేసి సరేనంది. ఈ మెమరీ నోడ్ 0 నుంచే రావాలన్న షరతును క్యూఈఎంయూ ఆ తర్వాతే విధిస్తుంది. నిజమైన పేజీని గెస్ట్ మొదటిసారి తాకినప్పుడు మాత్రమే ఇస్తారు. డేటాబేస్ తన క్యాష్‌ను మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి, తొమ్మిదో రోజు 14 జీబీ గీత దాటి తర్వాతి పేజీని తాకింది. నోడ్ 0లో పేజీ లేదు. నోడ్ 1లో సరిగ్గా దానికి కావలసిన 1,024 ఖాళీగా ఉన్నా, కట్టుబాటు వల్ల వాటిని ముట్టుకోవడానికి లేదు. టికెట్ ఇచ్చారు గానీ ఆ బోగీలో బెర్తు లేదు.

రిజర్వేషన్‌ను హామీగా నమ్మడమే ఇక్కడ నేను చేసిన పొరపాటు. హ్యూజ్ పేజీలతో ఏ లోటు ఉన్నా అది గెస్ట్ మొదలయ్యే క్షణంలోనే బయటపడాలి, పదో రోజు కాదు. ఈ ప్రాజెక్టులో ఆ తర్వాత చేసిన మార్పులన్నీ ఆ ఒక్క నియమం నుంచే వచ్చాయి.

మార్పులు:
1. చేతిరాత స్క్రిప్టు మానేసి గెస్టులను లిబ్‌వర్ట్ (గెస్టుల నిర్వహణ సాఫ్ట్‌వేర్) కిందికి తెచ్చాను. హ్యూజ్ పేజీలు కోరిన గెస్ట్‌కు అది ప్రీఅలొకేషన్‌ను తానే పెడుతుంది.
2. నోడ్ కట్టుబాటును నూమాట్యూన్ విభాగంలో స్ట్రిక్ట్‌గా ఉంచాను.
3. సిస్‌సీటీఎల్ వరుస తీసేసి, నోడ్ 0 ఫైలులో 8,192, నోడ్ 1 ఫైలులో 6,144 విడివిడిగా రాశాను.

ప్రీఅలొకేషన్ అంటే గెస్ట్ బూటయ్యే ముందే క్యూఈఎంయూ ప్రతి పేజీనీ తాకి చూడటం. పరీక్షకు నోడ్ 0లో కావాలనే ఒక పేజీ తగ్గించి గెస్ట్‌ను ప్రారంభిస్తే, హోస్ట్‌లో తగినన్ని పేజీలు లేవని చెప్పి వెంటనే ఆగిపోయింది. నాకు కావలసింది అదే. దీనికి మూల్యం ప్రారంభ సమయం: 16 జీబీని ఒకే థ్రెడ్ తాకడానికి మా యంత్రంలో 7 సెకన్లు, ఎనిమిది థ్రెడ్లతో 2 సెకన్లు పట్టింది.

లెక్క (రోజు 13): నోడ్ 0లో 16 జీబీ, నోడ్ 1లో 12 జీబీ, మొత్తం 28 జీబీ; చనిపోయిన గెస్టులు 2.

## మెట్టు 3 (రోజు 13 నుంచి 24): రెండు పేజీల లోటు

నోడ్ ఫైళ్లలో సంఖ్య రాసే పనిని సిస్టమ్‌డీ (లినక్స్ సేవలను ప్రారంభించే వ్యవస్థ) యూనిట్‌కు అప్పగించాను. ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటి ఉంది. ఆ ఫైలులో 8,192 అని రాస్తే, కర్నెల్‌కు అన్ని దొరక్కపోయినా రాత విజయవంతమైనట్టే తిరిగొస్తుంది. దోష సంకేతం రాదు, దొరికినన్ని మాత్రం ఇచ్చి ఊరుకుంటుంది. కనుక రాసిన ఫైలును మళ్లీ చదివి చూడకపోతే రాయనట్టే.

యూనిట్‌లోని స్క్రిప్టు చేసే పని:
1. నోడ్ ఫైలులో కోరిన సంఖ్య రాస్తుంది.
2. అదే ఫైలును తిరిగి చదువుతుంది.
3. తక్కువైతే కాంపాక్ట్ మెమరీ ఫైలులో 1 రాసి (అది చెదిరిన ఖాళీలను ఒకచోట చేర్చే కాంపాక్షన్‌ను నడుపుతుంది), ఇంకొక్కసారి ప్రయత్నిస్తుంది.
4. అప్పటికీ తక్కువైతే విఫలమై ముగుస్తుంది. గెస్టులను ప్రారంభించే సేవ దీనిపైనే ఆధారపడి ఉంటుంది కనుక ఏ గెస్టూ మొదలు కాదు.

పరీక్షకు నిల్వను సున్నా చేసి, యంత్రం పదకొండు రోజులుగా నడుస్తున్న స్థితిలోనే యూనిట్‌ను మళ్లీ నడిపాను. నోడ్ 0లో మొదటిసారి దొరికినవి 7,903. కాంపాక్షన్ తర్వాత 8,190. రెండంటే రెండు పేజీలు తక్కువై 16 జీబీల గెస్ట్ లేవలేదు. నోడ్‌లో ఇంకా ఖాళీ మెమరీ ఉందని నుమాస్టాట్ (నోడ్‌ల మెమరీ లెక్క చూపే ఆదేశం) చెబుతూనే ఉంది.

ఒక 2 ఎంబీ పేజీ కావాలంటే వరుసగా, సరైన హద్దు మీద, 512 చిన్న పేజీలు ఖాళీగా ఉండాలి. కాంపాక్షన్ జరపగలిగే పేజీలను పక్కకు జరుపుతుంది. కర్నెల్ తన సొంత అవసరాలకు వాడే స్లాబ్ వస్తువుల వంటివి కదలవు; ఒక 2 ఎంబీ గడిలో అలాంటిది ఒక్కటి కూర్చున్నా ఆ గడి అంతా పనికిరాదు. బడ్డీఇన్ఫో (ఖాళీ మెమరీ ముక్కలను పరిమాణాల వారీగా చూపే) ఫైలులో కుడివైపు చివరి రెండు నిలువు వరుసల్లోని అంకెలు చిన్నవైపోవడం దీనికి గుర్తు. డ్రాప్ క్యాషెస్ ఫైలులో 3 రాశాక ఆ రెండూ దొరికాయి గానీ, ఉత్పత్తి యంత్రంలో క్యాష్‌ను అలా ఊడ్చేయడం పద్ధతి కాదు.

మార్పు: కేటాయింపును బూట్ సమయానికి జరిపాను. కర్నెల్ ఆదేశ వరుసలో హ్యూజ్‌పేజెస్ అన్న పేరుకు ఎదురుగా నోడ్ సంఖ్య, రెండు చుక్కలు, పేజీల సంఖ్య అనే రూపంలో నోడ్‌ల వారీగా ఇవ్వవచ్చు: 0:8192,1:6144. అప్పటికి మెమరీ ఇంకా ముక్కలు కాలేదు కనుక మొత్తం దొరుకుతుంది. సిస్టమ్‌డీ యూనిట్ ఇప్పుడు ఏదీ రాయదు, చదివి సరిచూస్తుంది.

## మెట్టు 4 (రోజు 27): మిగిలిపోయిన ఫైలు

వీహోస్ట్-యూజర్ స్విచ్ (గెస్టులను నెట్‌వర్కుతో కలిపే ప్రోగ్రాము) ఒకటి పరీక్షించడానికి, 1,024 అదనపు పేజీలు తాత్కాలికంగా చేర్చి, 2 జీబీల పరీక్ష గెస్ట్‌ను చేతితో ప్రారంభించాను. స్విచ్ ప్రక్రియ గెస్ట్ మెమరీని నేరుగా చదవాలి కాబట్టి ఆ మెమరీ పంచుకోగలిగేదిగా ఉండాలి. అందుకని హ్యూజ్‌టీఎల్‌బీఎఫ్‌ఎస్‌లో (హ్యూజ్ పేజీలను ఫైళ్లుగా చూపే ఫైల్ సిస్టంలో) ఒక పేరున్న ఫైలును మెమరీ బ్యాకెండ్‌గా ఇచ్చాను. పరీక్ష చెడి, క్యూఈఎంయూను కిల్ -9తో (బలవంతంగా) ఆపాను. నిల్వలో ఖాళీ సంఖ్య పెరగలేదు. 1,024 పేజీలను ఏ ప్రక్రియా వాడటం లేదు, కానీ అవి ఖాళీ కూడా కావు.

డెవ్ హ్యూజ్‌పేజెస్ డైరెక్టరీలో చూస్తే ఆ ఫైలు అలాగే ఉంది. బ్యాకెండ్‌కు డైరెక్టరీ ఇస్తే క్యూఈఎంయూ తాత్కాలిక ఫైలు తెరిచి వెంటనే పేరు తుడిచేస్తుంది. నేను ఫైలు పేరే ఇచ్చాను కనుక అది నిలిచిపోయింది. పేజీలు పోవడం చిన్న నష్టం. ఆ ఫైలును ఒక చిన్న ప్రోగ్రాములో మ్యాప్ చేసి అక్షరాలు వెతికితే, చనిపోయిన గెస్ట్‌లో నేను టైపు చేసిన ఆదేశాలు, పరీక్షకు పెట్టిన పాస్‌వర్డు సహా, చదవగలిగిన రూపంలో కనిపించాయి. ఒక ప్రక్రియ వదిలిన హ్యూజ్ పేజీని మరొకరికి ఇచ్చేటప్పుడు కర్నెల్ సున్నాలతో తుడిచే ఇస్తుంది, ఆ విషయంలో భయం లేదు. ఫైలు బతికున్నంత కాలం మాత్రం పేజీని ఎవరూ వదిలినట్టు కాదు. డైరెక్టరీ అనుమతులు వదులుగా ఉన్న యంత్రంలో ఇది పక్కింటి ఉత్తరాలు మన అరుగు మీద పరిచినట్టే.

మార్పులు:
1. పంచుకునే మెమరీకి మెమ్‌ఎఫ్‌డీ రకం బ్యాకెండ్, హ్యూజ్‌టీఎల్‌బీ ఆన్, పరిమాణం 2 ఎంబీ. దీనికి పేరున్న ఫైలు ఉండదు. దాన్ని తెరిచి ఉంచిన ప్రక్రియలన్నీ ముగిస్తే మెమరీ తిరిగొస్తుంది.
2. స్విచ్ ప్రక్రియ కూడా దాన్ని పట్టుకునే ఉంటుంది కనుక గెస్ట్‌తో పాటు దాన్నీ ఆపాలి. ఇది రెండో ప్రయత్నంలో తెలిసింది.
3. సరిచూసే స్క్రిప్టులో ఆ డైరెక్టరీలో ఫైళ్లు ఉంటే హెచ్చరించే వరుస చేర్చాను.

లెక్క (రోజు 28): అదనపు పేజీలు వెనక్కి, నిల్వ మళ్లీ 14,336; చనిపోయిన గెస్టులు 3 (మూడోదాన్ని నేనే చంపాను).

## మెట్టు 5 (రోజు 31): చిన్న గెస్టులు, కేఎస్‌ఎం అప్పు

చిన్న గెస్టులు పారదర్శక హ్యూజ్ పేజీల మీద, అంటే టీహెచ్‌పీ మీద నడుస్తున్నాయి. ఈ సౌకర్యం 2011లో వచ్చిన లినక్స్ 2.6.38 నుంచి ఉంది. దీనికి ముందస్తు నిల్వ అక్కరలేదు, దొరికితే 2 ఎంబీ, దొరక్కపోతే 4 కేబీ. హోస్ట్‌లో దీన్ని ఆల్వేస్ (అందరికీ) నుంచి మ్యాడ్‌వైజ్‌కు (అడిగినవారికే) మార్చాను. క్యూఈఎంయూ గెస్ట్ మెమరీకి ఆ సలహా తానే ఇస్తుంది కనుక గెస్టులకు నష్టం లేదు, హోస్ట్‌లోని మిగతా ప్రోగ్రాములు మాత్రం అనవసరంగా ఉబ్బవు.

రెండు క్యూఈఎంయూ ప్రక్రియల ఎస్‌మ్యాప్స్ ఫైళ్లలో అనాన్‌హ్యూజ్‌పేజెస్ వరుసలు (టీహెచ్‌పీగా ఉన్న మెమరీ) కూడితే 8 జీబీకి గాను 5.6 జీబీ మాత్రమే వచ్చింది. మెట్టు 1లో ఆన్ చేసిన కేఎస్‌ఎం అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. అది ఒకేలా ఉన్న 4 కేబీ పేజీలను కలుపుతుంది. కలపాలంటే ముందు 2 ఎంబీ పేజీని విరగ్గొట్టాలి. ఆదా అయినది 412 ఎంబీ, విరిగినది 2 జీబీకి పైన. హ్యూజ్‌టీఎల్‌బీ పేజీల జోలికి అది రాదు కనుక పెద్ద గెస్టులకు దానితో లాభమూ లేదు, నష్టమూ లేదు.

దాన్ని ఆపడానికి పనితీరు ఒక్కటే కారణం కాదు. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని వ్రియే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఫ్లిప్ ఫెంగ్ షూయి పేరుతో చూపిన దాడిలో, ఒక గెస్ట్ తన పేజీని పక్క గెస్ట్ పేజీతో కేఎస్‌ఎం చేత కలిపించి, రోహామర్ పద్ధతిలో (పక్క మెమరీ వరుసలను పదేపదే చదివి) అందులోని ఒక బిట్‌ను తారుమారు చేయగలిగింది. భౌతికంగా వరుసగా ఉన్న మెమరీ దొరకడానికి ఆ దాడి టీహెచ్‌పీనే ఆసరా చేసుకుంది. మా చిన్న గెస్టుల్లో ఒకదానిని శిక్షణకు వచ్చే పిల్లలు వాడతారు. 412 ఎంబీ కోసం ఆ తలుపు తెరిచి ఉంచడంలో అర్థం కనిపించలేదు.

1. కేఎస్‌ఎం రన్ ఫైలులో 0 రాస్తే కొత్త కలపడం ఆగుతుంది గానీ, కలిసినవి కలిసే ఉంటాయి. 2 రాశాను, అది ఆపి, విడదీస్తుంది.
2. విడదీతకు కనీసం ఆదా అయినంత ఖాళీ మెమరీ అవసరం. ముందే చూసుకోవాలి.
3. పెద్ద గెస్టుల లిబ్‌వర్ట్ వివరణలో నోషేర్‌పేజెస్ (కేఎస్‌ఎం కలపకూడదన్న సెట్టింగ్) చేర్చాను.

విరిగినవి వెంటనే అతుక్కోలేదు. చిన్న పేజీలను మళ్లీ పెద్దవిగా కలిపే కర్నెల్ థ్రెడ్ కేహ్యూజ్‌పేజ్‌డీ డీఫాల్టుగా పది సెకన్లకు 4,096 చిన్న పేజీలను, అంటే 16 ఎంబీని మాత్రమే చూస్తుంది. రెండు గెస్టుల 8 జీబీ ఒక చుట్టు తిరగడానికే 512 విడతలు, అంటే సుమారు 85 నిమిషాలు. గంటన్నర తర్వాత చూస్తే 7.7 జీబీ. ఆగలేనివారు పేజెస్ టు స్కాన్ విలువ పెంచుకోవచ్చు, నేను ఆగాను.

## మెట్టు 6 (రోజు 36 నుంచి 41): విరగాల్సిన చోట విరగనివ్వడం

బిల్డ్ గెస్ట్‌లో ఒకే కర్నెల్ సోర్సును, ఒకే సెట్టింగులతో, ప్రతి అమరికలో మూడేసిసార్లు కంపైల్ చేసి మధ్య విలువ తీసుకున్నాను.

- హోస్ట్‌లో అన్నీ 4 కేబీ పేజీలు: 11 నిమిషాల 42 సెకన్లు
- 2 ఎంబీ హ్యూజ్‌టీఎల్‌బీ: 10 నిమిషాల 55 సెకన్లు

లాభం 47 సెకన్లు. అయితే కేవీఎం డీబగ్ ఫైళ్లలో ఎన్‌ఎక్స్ ఎల్‌పేజ్ స్ప్లిట్స్ అన్న సంఖ్య 640 చూపింది. పెద్ద పేజీలిచ్చిన గెస్ట్‌లో 640 చోట్ల, అంటే 1,280 ఎంబీ మేర, మళ్లీ చిన్న పేజీల మ్యాపింగులే ఉన్నాయి.

ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. 2019 నవంబరులో వెల్లడైన సీవీఈ-2018-12207, వాడుకలో ఐటీఎల్‌బీ మల్టీహిట్, ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లలోని లోపం. ఒకే చిరునామాకు పేజీ పరిమాణం మారినప్పుడు, ఆదేశాల టీఎల్‌బీలో పాత, కొత్త పరిమాణాలు రెండూ ఒకేసారి తగిలితే మెషీన్ చెక్ (హార్డ్‌వేర్ దోష సంకేతం) వచ్చి ప్రాసెసర్ ఆగిపోవచ్చు. దుర్బుద్ధి గల గెస్ట్ ఒకటి దీనితో హోస్ట్ మొత్తాన్ని పడగొట్టగలదు. అందుకే కేవీఎం పెద్ద పేజీలను కోడ్ నడపడానికి వీల్లేనివిగా గుర్తించి, గెస్ట్ అక్కడ కోడ్ నడపబోయినప్పుడు ఆ 2 ఎంబీని 4 కేబీ మ్యాపింగులుగా విడదీస్తుంది. వల్నరబిలిటీస్ డైరెక్టరీలోని ఐటీఎల్‌బీ మల్టీహిట్ ఫైలులో స్ప్లిట్ హ్యూజ్ పేజెస్ అని ఉంటే రక్షణ పనిచేస్తున్నట్టు. ఏఎండీ ప్రాసెసర్లకు ఈ బెడద లేదు.

ఇక్కడ ఒక అయోమయం తీర్చాలి. విరిగేది కేవీఎం నడిపే రెండో స్థాయి పేజీ టేబుల్‌లోని మ్యాపింగ్ మాత్రమే. హోస్ట్‌లోని 2 ఎంబీ పేజీ చెక్కుచెదరదు, నిల్వలో ఒక్క పేజీ కూడా తగ్గదు. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్ట్‌ను ఇంకో హోస్ట్‌కు తరలించడం) సమయంలోనూ ఇదే జరుగుతుంది: ఏ పేజీ మారిందో 4 కేబీ చొప్పున గుర్తించడానికి కేవీఎం మ్యాపింగులను విడదీసి, మైగ్రేషన్ రద్దయితే మళ్లీ పెద్దవి చేస్తుంది. ఈ సంగతి తెలియక నేను ఒక సాయంత్రమంతా మెమ్‌ఇన్ఫోలో మార్పు కోసం వెతికాను.

విడిపోయినవాటిని ఒక కర్నెల్ థ్రెడ్ తిరిగి కలుపుతుంటుంది. రికవరీ నిష్పత్తి 60 కనుక గంటలో అన్నీ తిరిగొస్తాయనుకున్నాను. బిల్డులు ఆపి గంట తర్వాత చూస్తే ఇంకా 251 ఉన్నాయి. నిమిషానికోసారి అది తీసేది మొదటి మొత్తంలో అరవయ్యో వంతు కాదు, అప్పటికి మిగిలినదానిలో అరవయ్యో వంతు. ఆ లెక్కన అరవై విడతల తర్వాత దాదాపు 36.5 శాతం, అంటే సుమారు 233 ఉండాలి. పైన కనిపించినవి మధ్యలో మళ్లీ కోడ్ నడిచి విడిపోయినవై ఉంటాయి.

రక్షణ తీసేసి ఒకసారి కొలిచాను: 10 నిమిషాల 49 సెకన్లు. ఆరు సెకన్ల తేడా. ఈ సెట్టింగ్‌ను నేను మార్చినచోట అది కేవీఎం మాడ్యూల్ మొత్తానికి వర్తిస్తుంది. నమ్మకమైన డేటాబేస్ గెస్ట్‌కు తీసేస్తే, పిల్లలు వాడే గెస్ట్‌కూ తీసేసినట్టే. తిరిగి ఆటో చేసి, ఆ సెట్టింగ్‌ను మళ్లీ ముట్టుకోలేదు.

## మెట్టు 7 (రోజు 48): 1 జీబీ పేజీలను ఎందుకు వదిలేశాను

డేటాబేస్ గెస్ట్‌కు 1 జీబీ పేజీలు 16 చాలు, రెండు వైపులా అవే ఉంటే పేజీ టేబుళ్ల నడక 8కి తగ్గుతుంది. నడుస్తున్న యంత్రంలో 16 అడిగితే 3 దొరికాయి. బూట్ సమయంలో అడిగితే 16 దొరికాయి. పనితీరులో 2 ఎంబీతో పోలిస్తే నా కొలతల చెదురుకు మించిన తేడా కనబడలేదు. ఈ ప్రాసెసర్ రెండో స్థాయి టీఎల్‌బీలో 1 జీబీ పేజీలకున్న గదులు 16 మాత్రమే కావడం కూడా గుర్తుంచుకోవాలి.

నిర్ణయం మాత్రం ఇంకో కారణంతో జరిగింది. ఈసీసీ సరిదిద్దలేని మెమరీ దోషం ఒకటి వస్తే కర్నెల్ ఆ పేజీని విషపు పేజీగా గుర్తించి మ్యాపింగ్ తీసేస్తుంది. హ్యూజ్‌టీఎల్‌బీలో ఆ తీసివేత పేజీ పరిమాణంలోనే జరుగుతుంది. చిన్న పేజీ అయితే పోయేది 4 కేబీ, గెస్ట్ ఒక ప్రక్రియను పోగొట్టుకుని బతకవచ్చు. 2 ఎంబీ పోతే బతికే అవకాశం ఇంకా ఉంది. 1 జీబీ పోతే 16 జీబీ గెస్ట్‌లో పదహారో వంతు ఒక్కసారిగా మాయమవుతుంది. సెకండ్ హ్యాండ్ మెమరీ ముక్కల మీద ఆ పందెం కాయలేను.

## మెట్టు 8 (రోజు 52): గెస్ట్ లోపలి సగం

హోస్ట్‌లో పెద్ద పేజీలున్నా గెస్ట్ తన టేబుళ్లలో 4 కేబీ వాడితే నడక 19 దగ్గరే ఆగుతుంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. దానిలో హ్యూజ్ పేజెస్ సెట్టింగ్ డీఫాల్టుగా ట్రై అని ఉంటుంది: దొరికితే వాడుతుంది, దొరక్కపోతే ఏ చప్పుడూ లేకుండా చిన్న పేజీలతో నడుస్తుంది. మాది మూడు నెలలుగా అలా చప్పుడు లేకుండానే నడుస్తోందని తేలింది.

1. పోస్ట్‌గ్రెస్ ఆపి, సీ ఐచ్ఛికంతో షేర్‌డ్ మెమరీ సైజ్ ఇన్ హ్యూజ్ పేజెస్ విలువ అడిగాను. షేర్‌డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్) 4 జీబీకి 2,048 సరిపోతాయనుకున్నాను. వచ్చిన జవాబు 2,115.
2. గెస్ట్ కర్నెల్ ఆదేశ వరుసలో 2,120 ఇచ్చాను.
3. సెట్టింగ్‌ను ట్రై నుంచి ఆన్‌కు మార్చాను. పేజీలు చాలకపోతే ఇక పోస్ట్‌గ్రెస్ మొదలే కాదు.

లెక్క (రోజు 52): హోస్ట్ నిల్వ 14,336, గెస్ట్ లోపలి నిల్వ 2,120 (ఇది ఆ 8,192లో భాగమే, అదనం కాదు), హోస్ట్ వాటా 36 జీబీ, మెట్టు 4 తర్వాత చనిపోయిన గెస్టులు 0.

## రోజు 71

మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, యంత్రం నిద్రలేచేసరికి సాయంత్రం నాలుగైంది. సరిచూసే స్క్రిప్టు లాగ్‌లో ఇలా ఉంది:

- నోడ్ 0: కోరినవి 8,192, ఉన్నవి 8,190, విఫలం
- నోడ్ 1: కోరినవి 6,144, ఉన్నవి 6,144
- హ్యూజ్‌పేజెస్ డైరెక్టరీలో ఫైళ్లు: 0

గెస్టులు ఏవీ మొదలు కాలేదు. బూట్ సమయంలో కేటాయించినా రెండు తగ్గడమేమిటని కర్నెల్ ఆదేశ వరుస తెరిచి చూస్తే, గ్రబ్ (బూట్ లోడర్) ఫైలులో 8192కు బదులు 8190 అని ఉంది. 1 జీబీ పరీక్ష తర్వాత పాత వరుసను తిరిగి రాసింది నేనే, మెట్టు 3 నోట్స్‌లోని తప్పు అంకెను చూసి. ఇన్నాళ్లూ ఇదెందుకు బయటపడలేదంటే, ఆ తర్వాత రీబూట్ జరగనే లేదు. ఆ రోజు పేజీలను నోడ్ ఫైలులో చేతితో సరిచేసి ఊరుకున్నాను. అంకె దిద్ది మళ్లీ బూట్ చేశాక డేటాబేస్ గెస్ట్ 2 సెకన్ల ప్రీఅలొకేషన్‌తో లేచింది. గ్రబ్ ఫైలులోని సంఖ్యలను, లిబ్‌వర్ట్ వివరణల్లోని మెమరీ పరిమాణాలను పోల్చే వరుస స్క్రిప్టులో ఇంకా రాయాలి.